చిగుళ్ల నుండి రక్తం వస్తే ఏం చేయాలి: గుర్తించడం, శుభ్రం చేసుకోవడం, చికిత్స చేయించుకోవడం

మా అమ్మ కొరికి పక్కన పెట్టిన జామకాయ మీద, ఆ తెల్లటి గుజ్జులో, సన్నటి ఎర్రచార ఒకటి కనిపించింది. అడిగితే, "అది ఏడాదిగా ఉన్నదేరా, నొప్పేమీ లేదు" అంది. గుచ్చి గుచ్చి అడిగిన మీదట అసలు సంగతి బయటపడింది. బ్రష్ తగిలితే రక్తం వస్తోందని ఆ వైపు తోముకోవడమే మానేసి, చూపుడు వేలితో పళ్లపొడి అద్దుకుని పైపైన రుద్దుకుని కడిగేసుకుంటోంది. ఆమెకు పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. పెందుర్తి నుండి విశాఖ నగరంలోకి తీసుకువచ్చి దంతవైద్యుడికి చూపించేసరికి, కింది వరుసలోని ముందు పళ్లు రెండు వేలితో తాకితే కదులుతున్నాయి.

నేను దంతవైద్యుణ్ని కాను. కానీ ఆ తరువాత పది నెలల పాటు అమ్మ పక్కన కూర్చుని చికిత్స మొత్తం చూశాను. అర్థం కాని ప్రతి మాటనూ అడిగి తెలుసుకున్నాను. చిగుళ్ల జబ్బు విషయంలో మన ఇళ్లలో జరిగే పొరపాట్లు ముఖ్యంగా రెండే అని నాకు అప్పుడు తెలిసింది. నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదనుకోవడం మొదటిది. రక్తం వస్తున్న చోటును ముట్టుకోకుండా వదిలేయడం రెండోది. మొదటిదానివల్ల జబ్బు ఏళ్ల తరబడి దాగి ఉంటుంది, రెండోదానివల్ల రోజురోజుకూ ముదురుతుంది. ఈ రెండూ మీ ఇంట్లో జరగకుండా చూసుకోవడానికి ఏం చేయాలో కింద వివరిస్తున్నాను.

చిగురు లోపల జరిగేది

రాత్రి శుభ్రంగా తోముకుని పడుకున్నా, తెల్లవారి లేచేసరికి నాలుకతో తడిమితే పళ్ల మీద జిగటగా ఒక పొర తగులుతుంది. అదే పాచి. అందులో ఉండేది అన్నం మెతుకులు కాదు, ఒకదానినొకటి పట్టుకుని గుంపుగా పెరిగే సూక్ష్మజీవులు. మెత్తగా ఉన్నప్పుడు బ్రష్‌తో సులువుగా పోతుంది. వదిలేస్తే, ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు అందులోకి చేరి, ఒకటి రెండు రోజుల్లోనే గట్టిపడడం మొదలవుతుంది; పది పన్నెండు రోజులకు రాయిలా బిగుసుకుపోతుంది. దానినే మన పెద్దవాళ్లు గార అన్నారు. గార పట్టిన తరువాత ఏ బ్రష్‌తోనూ, ఏ పొడితోనూ రాదు, దంతవైద్యుడు పరికరంతో తీయవలసిందే. కింది ముందు పళ్ల లోపలి వైపు, పై దవడ పళ్ల బుగ్గ వైపు గార ఎక్కువగా పేరుకోవడానికి కారణం ఉంది: ఉమ్మి గ్రంథుల నాళాలు నోట్లోకి తెరుచుకునేది సరిగ్గా ఆ చోట్లలోనే.

పాచి చిగురు అంచున నిలిచినప్పుడు శరీరం ఊరుకోదు. ఆ చోటుకు రక్తప్రసరణ పెంచుతుంది, రక్షక కణాలను పంపుతుంది. చిగురు ఎర్రబడి ఉబ్బడానికీ, తాకగానే రక్తం రావడానికీ కారణం అదే. ఈ దశను వైద్యులు జింజివైటిస్ అంటారు. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి చేసిన ఒక పరీక్ష ఈ విషయాన్ని తేల్చి చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించి చూస్తే, 10 నుండి 21 రోజుల లోపల అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టగానే సుమారు వారం రోజుల్లో మామూలు స్థితికి వచ్చాయి. ఈ దశలో జబ్బు పూర్తిగా వెనక్కి మళ్లుతుందన్న మాటను నేను అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావిస్తాను, ఎందుకంటే తరువాతి దశకు ఆ వెసులుబాటు లేదు.

తరువాతి దశ పెరియోడాంటైటిస్. మనవాళ్లు పయోరియా అని పిలిచేది దీనినే. పంటికీ చిగురుకూ మధ్య సహజంగానే ఒక సన్నని సందు ఉంటుంది. దాని లోతు 1 నుండి 3 మిల్లీమీటర్లు. వాపు నెలల తరబడి, ఏళ్ల తరబడి కొనసాగినప్పుడు చిగురు పంటి నుండి విడివడి ఆ సందు లోతైన సంచిలా మారుతుంది. దీనిని పాకెట్ అంటారు. గాలి చొరబడని ఆ లోతులో మరింత హాని చేసే సూక్ష్మజీవులు స్థిరపడతాయి. బ్రష్ అక్కడికి చేరదు. వాటితో పోరాడే క్రమంలో శరీరం తన సొంత కణజాలాన్నే కరిగించుకుంటుంది: పంటిని ఎముకకు కట్టి ఉంచే సన్నని నారలు తెగుతాయి, పంటి చుట్టూ ఉన్న దవడ ఎముక తరుగుతుంది. పునాది మట్టి కొట్టుకుపోయిన స్తంభంలాగా పన్ను నిలబడి ఉంటుంది. పైకి పుచ్చు ఏమీ కనిపించదు, నొప్పి కూడా సాధారణంగా ఉండదు. తరిగిన ఎముక తనంతట తాను తిరిగి పెరగదు. అయితే తరుగుదలను ఆపడం చాలా మందిలో సాధ్యమే. చికిత్స లక్ష్యం కూడా అదే.

అద్దం ముందు పది నిమిషాలు

పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని, చేతులు కడుక్కుని, పెదవిని వేలితో పైకి లాగి చూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న చిగురు పంటిని పట్టుకుని బిగువుగా ఉంటుంది. రెండు పళ్ల మధ్య మొనదేలి కనిపిస్తుంది. వాచిన చిగురు అంచు గుండ్రంగా, మెరుస్తూ, కాస్త వదులుగా ఉంటుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఛాయ ఉన్నవారిలో చిగుళ్ల మీద గోధుమ రంగు, నలుపు మచ్చలు పుట్టుకతో వచ్చే రంగే, అది జబ్బు కాదు. చిగుళ్లు నల్లగా ఉన్నాయని బెంగపడి, అంచున ఉన్న ఎరుపును గమనించకపోవడం నేను చాలా మందిలో చూశాను. గమనించవలసింది ఛాయను కాదు, ఇటీవల వచ్చిన మార్పును.

తరువాత పళ్ల సందులో దంతదారం, అంటే ఫ్లాస్, మెల్లగా దింపి తీసి చూడాలి. దారం మీద రక్తం అంటుకుందా, వాసన వస్తోందా అన్నది ఒక్కో సందుకూ విడివిడిగా తెలుస్తుంది. చిగురును వేలితో వేరు వైపు నుండి పంటి అంచు వైపుకు నొక్కితే చీము చుక్క కనబడితే అది ముదిరిన జబ్బుకు గుర్తు. పళ్లు మునుపటి కంటే పొడవుగా కనిపిస్తున్నా, పై ముందు పళ్లు విసనకర్రలా విచ్చుకుని మధ్యలో ఖాళీలు వస్తున్నా, తోటకూర, మాంసం పీచులు ఎప్పుడూ ఒకే సందులో ఇరుక్కుంటున్నా, నమిలేటప్పుడు ఏదో పన్ను కిందికి దిగినట్టు అనిపిస్తున్నా, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దంతవైద్యుడిని కలవాలి. పాత ఫొటోలో నవ్వుతున్న ముఖాన్ని, ఇప్పటి ముఖాన్ని పక్కపక్కన పెట్టి చూడడం మంచి పద్ధతి. అమ్మ విషయంలో మా చెల్లెలి పెళ్లి ఫొటో చూసిన తరువాతే ఆ ఖాళీలు కొత్తవని మాకు తెలిసింది.

పొగతాగేవారు మాత్రం రక్తం రావడం లేదని ధైర్యంగా ఉండకూడదు. పొగాకు చిగుళ్లలోని సన్నని రక్తనాళాలను కుదించివేస్తుంది కాబట్టి, లోపల ఎముక తరుగుతున్నా పైన రక్తం తక్కువగానే వస్తుంది.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి

షుగర్ ఉన్నవారిని ముందుగా చెప్పుకోవాలి. రక్తంలో చక్కెర అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్లలో వాపు అలాగే ఉంటే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్లకు సరైన చికిత్స చేయించిన మూడు నాలుగు నెలల తరువాత, గడిచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం వరకు తగ్గుతున్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. ఈ కారణంగా షుగర్ డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు చిగుళ్ల సంగతి, దంతవైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు షుగర్ రిపోర్టు తప్పక చూపించాలి.

రెండోది పొగాకు. బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా, పళ్లకు రుద్దుకునే గుడాకు, ఏ రూపంలో ఉన్నా చిగుళ్లకు హాని చేస్తుంది. స్టీల్‌ప్లాంటులోనో, ఓడరేవులోనో రాత్రి షిఫ్టు చేస్తూ నిద్ర ఆపుకోవడానికి దవడలో ఖైనీ పెట్టుకునేవారికి, సరిగ్గా అది ఆనుకునే చోటే చిగురు కిందికి జారి వేరు బయటపడుతుంది. మన ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవారిలో, చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. 1971లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌లోని 10,169 మంది గ్రామస్తులను పరీక్షించి, ఈ అలవాటు వల్ల అంగిలిలో వచ్చే మార్పులను నమోదు చేశారు. అంగిలి క్యాన్సర్‌కు దీనితో ఉన్న సంబంధం దంతవైద్య విద్యార్థులందరూ చదువుకునే విషయం. మీ ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో అడ్డపొగ తాగుతుంటే, చిగుళ్లతో పాటు అంగిలి కూడా చూడమని వైద్యుడికి మీరే గుర్తు చేయండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు. మానాలనుకునేవారికి ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ ఫోన్ 1800-11-2356 ఉంది.

బీపీకి వాడే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, అవయవ మార్పిడి తరువాత వాడే సైక్లోస్పోరిన్ మాత్రల వల్ల కొందరికి చిగుళ్లు పళ్ల మీదికి కండలా పెరుగుతాయి. అలా పెరిగిందని మాత్రలు సొంతంగా ఆపివేయడం ప్రమాదకరం. మందు మార్చే వీలుందా అని, రాసిన డాక్టరునే అడగాలి. గర్భిణులకు హార్మోన్ల మార్పు వల్ల, ఉన్న కొద్దిపాటి పాచికే చిగుళ్లు బాగా ఉబ్బుతాయి. కడుపుతో ఉన్నప్పుడు పంటి వైద్యం చేయించకూడదన్న నమ్మకం సరికాదు. శుభ్రం చేయించుకోవడానికి నాలుగు నుండి ఆరో నెల వరకు అనువైన కాలం.

తోముకునే తీరు

ఇంట్లో చేయగలిగే వైద్యమంతా ఇక్కడే ఉంది, కాబట్టి దీనిని కాస్త వివరంగా చెబుతాను.

బ్రష్ తల చిన్నదిగా, కుచ్చు మెత్తగా ఉండాలి. ప్యాకెట్ మీద సాఫ్ట్ అని రాసి ఉంటుంది. గట్టి కుచ్చుతో అడ్డంగా, పాత్ర తోమినట్టు రుద్దితే పాచి పోవడం అటుంచి చిగురు కిందికి జారుతుంది, పంటి మెడ దగ్గర కోసినట్టు గాడి పడుతుంది. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు శనగగింజంత చాలు. కుచ్చును పంటి మీద కాకుండా, పన్నూ చిగురూ కలిసే గీత మీద, సుమారు 45 డిగ్రీల వాలుగా, పై పళ్లకు పైకి చూసేలా, కింది పళ్లకు కిందికి చూసేలా ఆనించాలి. కుచ్చు మొనలు చిగురు అంచు కిందికి కొద్దిగా దూరినట్టు తెలియాలి. బ్రష్‌ను అక్కడి నుండి కదపకుండా, వణికించినట్టు చిన్న చిన్న కదలికలు పదో పదిహేనో ఇచ్చి, ఆపైన చిగురు నుండి పంటి అంచు వైపుకు ఊడ్చినట్టు తిప్పాలి. తరువాత పక్కనున్న రెండు పళ్ల దగ్గరకు జరగాలి. కింది ముందు పళ్ల లోపలి వైపుకు బ్రష్‌ను నిలువుగా పట్టుకుని ముందు భాగంతో తోమాలి. గార ఎక్కువగా పట్టేదీ, జనం ఎక్కువగా వదిలేసేదీ ఈ చోటే. బ్రష్‌ను పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే ఒత్తిడి దానంతట అదే తగ్గుతుంది. మొత్తం పళ్లకు రెండు నిమిషాలకు తక్కువ కాకుండా పడుతుంది.

రోజుకు రెండుసార్లు తోముకోవాలి. రెండింటిలో రాత్రి పడుకునే ముందు తోముకోవడమే ఎక్కువ అవసరం, ఎందుకంటే నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గి సూక్ష్మజీవులకు అడ్డు ఉండదు. మన ఇళ్లలో పొద్దున్నే ముఖం కడుక్కోవడం తప్పనిసరి ఆచారంగా ఉన్నా, రాత్రి తోముకునే అలవాటు ఇంకా అందరికీ రాలేదు.

బ్రష్ ఎంత బాగా వాడినా పళ్ల మధ్య సందులోకి పోదు, చిగుళ్ల జబ్బు చాలాసార్లు మొదలయ్యేదేమో అక్కడే. సందులు బిగువుగా ఉంటే ఫ్లాస్ దారం, ఖాళీలు ఉంటే సీసా తోమే బ్రష్‌కు బుల్లి రూపంలా ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడాలి. ఇవి వేర్వేరు లావుల్లో దొరుకుతాయి. దూర్చినప్పుడు కొద్దిగా బిగువుగా వెళ్లేది సరైన కొలత. బలవంతంగా తొయ్యవలసి వస్తే అది ఆ సందుకు పెద్దది. మొదటిసారి ఏ సందుకు ఏ లావో వైద్యుడి చేత చెప్పించుకోవడం మంచిది. అగ్గిపుల్ల, పిన్నీసు, తాళంచెవి లాంటి వాటితో కెలకడం వల్ల చిగురుకు గాయమై చీము పట్టిన సందర్భాలు ఉన్నాయి.

ఇలా మొదలుపెట్టిన తొలి రోజుల్లో రక్తం మునుపటి కంటే ఎక్కువ వచ్చినట్టు అనిపించవచ్చు. భయపడి ఆపకూడదు. ఒత్తిడి తగ్గించి, సమయం పెంచి, రక్తం వచ్చే చోటునే ఎక్కువ శ్రద్ధగా శుభ్రం చేయాలి. వాపు ఒక్కటే ఉన్న దశ అయితే వారం పది రోజుల్లో రక్తం తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలు సక్రమంగా చేసినా ఆగకపోతే, గార ఉందనో, లోతైన పాకెట్ ఉందనో అర్థం. ఇక ఇంట్లో చేయగలిగింది లేదు.

వేపపుల్ల గురించి చాలా మంది అడుగుతారు. లేత పుల్లను బాగా నమిలి కుంచెలా చేసుకుని, చిగురుకు గుచ్చుకోకుండా వాడితే తప్పేమీ లేదు, కానీ లోపలి వైపులకు, దవడ చివరి పళ్లకు అది అందదు, అందులో ఫ్లోరైడూ ఉండదు. బొగ్గు, ఇటుకపొడి, గరుకు పళ్లపొడులు పంటి పైపొరను అరగదీస్తాయి. నువ్వులనూనె పుక్కిలించడం పాచిని కొంత తగ్గించవచ్చు గానీ తోముకోవడానికి బదులు కాదు. లవంగనూనె నొప్పిని కాసేపు మరిపిస్తుంది. చిక్కగా నేరుగా చిగురు మీద పెడితే కాలుతుంది. నొప్పి మాత్రను నలిపి చిగురు పక్కన పెట్టుకోవడం అంతకంటే హానికరం. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలిస్తే వాపుకు ఉపశమనం ఉంటుంది.

మందుల షాపులో దొరికే క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం పాచిని బాగా అడ్డుకుంటుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే 0.2 శాతం ద్రావణాన్ని 10 మిల్లీలీటర్ల చొప్పున ఒక నిమిషం పాటు, రోజుకు రెండుసార్లు, వైద్యుడు చెప్పినన్ని రోజులే పుక్కిలించాలి; సాధారణంగా రెండు వారాలకు మించదు. ఎక్కువ కాలం వాడితే పళ్ల మీద గోధుమ రంగు మరకలు పడతాయి, రుచి తెలియకుండా పోతుంది. పేస్టులోని నురుగు పదార్థం దాని శక్తిని తగ్గిస్తుంది కాబట్టి, తోముకున్న తరువాత అరగంట ఆగి వాడాలి.

వైద్యుడి కుర్చీలో

ఎవరి దగ్గరకు వెళ్లాలన్నది మొదటి ప్రశ్న. బీడీఎస్ చదివిన ఏ దంతవైద్యుడైనా తొలి పరీక్ష, స్కేలింగ్ (పరికరంతో గార తీయడం) చేయగలరు. జబ్బు ముదిరి ఉంటే చిగుళ్ల విభాగంలో ఎండీఎస్ చేసిన నిపుణుడిని, అంటే పెరియోడాంటిస్టును, కలవాలి. విశాఖలో ప్రైవేటు ఖర్చు భరించడం కష్టమయ్యేవారికి దారులు ఉన్నాయి. మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలో దంతవైద్య విభాగం ఉంది. రుషికొండలోని గీతం దంత వైద్య కళాశాలలో, సంగివలసలోని అనిల్ నీరుకొండ దంత వైద్య కళాశాలలో చిగుళ్లకు ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. కళాశాలల్లో పీజీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది, ఖర్చు తక్కువవుతుంది. ఆ నిదానమే రోగికి మేలు చేస్తుందని నా అభిప్రాయం. రోడ్డు పక్కన కూర్చుని పళ్లు శుభ్రం చేస్తామనేవారి చేతిలో నోరు పెట్టవద్దు. ఆ పరికరాలు ఒకరి రక్తాన్ని ఇంకొకరికి అంటిస్తాయి.

వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల చీటీ, ఇటీవలి షుగర్ రిపోర్టు వెంట ఉండాలి. షుగర్ ఉన్నవారు టిఫిను తిని, మాత్ర వేసుకుని ఉదయం పూట వెళ్లాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. గుండెలో కృత్రిమ కవాటం అమర్చినవారికి చికిత్సకు ముందు యాంటీబయోటిక్ ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి ఆ సంగతి దాచకూడదు.

మొదటి రోజు వైద్యుడు మిల్లీమీటర్ల గీతలున్న సన్నని పుల్లలాంటి పరికరాన్ని, ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల, చిగురు సందులోకి మెల్లగా దింపి లోతు కొలుస్తారు. అమ్మకు కొలుస్తున్నప్పుడు పక్కనున్న అమ్మాయి కాగితం మీద అంకెలు రాసుకుంటోంది: మూడు, రెండు, మూడు, నాలుగు, మూడు, ఐదు, ఆరు, ఐదు, ఏడు. ఏడు అన్నప్పుడు డాక్టరుగారు ఒక క్షణం ఆగి, "అమ్మా, ఇక్కడ నొప్పి ఏమైనా ఉందా?" అని అడిగారు. "లేదు బాబూ" అంది అమ్మ, నోరు తెరిచే. ఆ అంకెలున్న కాగితాన్ని అడిగి ఫొటో తీసుకోండి; మూడు నెలల తరువాత వచ్చే అంకెలతో పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం. ఎముక ఎంత తరిగిందో తెలుసుకోవడానికి ఎక్స్‌రే తీస్తారు. జబ్బును నాలుగు దశలుగా, మూడు వేగాలుగా విభజించి చెప్పే పద్ధతి 2018 నుండి అమలులో ఉంది. మీది ఏ దశో, ఎంత వేగంతో నడుస్తోందో అడగడం మీ హక్కు.

తరువాత స్కేలింగ్. కంపించే సన్నని మొనతో, నీళ్లు చిమ్ముతూ గారను రాల్చుతారు. స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మన ఊళ్లో బలంగా నాటుకుపోయిన మాట ఒకటి ఉంది. దీనివల్ల ఎంతో మంది వైద్యానికి దూరమవుతున్నారు కాబట్టి ఈ మాటను జాగ్రత్తగా విప్పి చూడాలి. ఎముక తరిగిన పళ్లను కొన్నాళ్లుగా ఆ గార దిమ్మలే ఒకదానికొకటి సిమెంటులా అంటించి నిలబెడుతుంటాయి. గార తీయగానే పన్ను అసలు ఎంత కదులుతోందో బయటపడుతుంది, గార కప్పివేసిన ఖాళీలు నాలుకకు తగులుతాయి, ఉబ్బు తగ్గిన చిగురు కిందికి దిగినట్టు కనిపిస్తుంది. వదులు చేసింది గార. అది తీసినవారు కాదు. పంటి పైపొర అయిన ఎనామెల్ గీసుకుపోతుందన్న భయం కూడా అక్కరలేదు. కొద్ది రోజులు చల్లటి నీళ్లకు జివ్వుమనడం మాత్రం మామూలే.

పాకెట్ 4 మిల్లీమీటర్లు దాటిన చోట్ల మత్తు సూది ఇచ్చి, చిగురు కింద వేరు మీద పేరుకున్న గారను కూడా తీసి నున్నగా చేస్తారు. దీనిని డీప్ క్లీనింగ్ అంటున్నారు. నోటిని భాగాలుగా విభజించి రెండు నుండి నాలుగు సార్లు పిలుస్తారు. చేసిన రోజు మత్తు దిగేవరకు ఏమీ నమలకూడదు, బుగ్గ కొరుక్కునే ప్రమాదం ఉంది. ఒకటి రెండు రోజులు కారం, మరీ వేడి పదార్థాలు మానాలి. రెండు మూడు నెలలు గడిచాక మళ్లీ కొలుస్తారు. చాలా పాకెట్లు ఈపాటికి తగ్గి ఉంటాయి. 6 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువగా మిగిలిన చోట్ల ఫ్లాప్ సర్జరీ సూచించవచ్చు: చిగురును కొద్దిగా తెరిచి, వేరును కంటితో చూస్తూ శుభ్రం చేసి, వీలున్న చోట ఎముక పొడి నింపి కుట్లు వేస్తారు. కదిలే పళ్లను పక్క పళ్లతో కలిపి సన్నని తీగతో కట్టడం కూడా ఉంది. పూర్తిగా ఆధారం కోల్పోయిన పంటిని మాత్రం తీయక తప్పదు.

యాంటీబయోటిక్ మాత్రలతో చిగుళ్ల జబ్బు పోదు. గార అలాగే ఉండగా మందుల షాపులో మెట్రోనిడజోల్ కొని వేసుకుంటే వాపు నాలుగు రోజులు తగ్గి తిరిగి వస్తుంది. అవసరమైనప్పుడు వైద్యుడే చికిత్సతో పాటు రాస్తారు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

చిగురు మీద చీముగడ్డ లేచి ముఖం వాచినా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించాలి. నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే దంతవైద్యుడి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా నేరుగా పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. రెండు వారాలకు మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ నోట్లో ఎక్కడున్నా పరీక్ష చేయించాలి. పళ్లు శుభ్రంగా ఉన్నా చిగుళ్ల నుండి రక్తం ధారగా వస్తుంటే, దానితో పాటు ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు, విపరీతమైన నీరసం ఉంటే, రక్త సంబంధమైన జబ్బు కావచ్చు. ఫిజీషియన్ దగ్గర రక్తపరీక్ష ముందు జరగాలి.

చికిత్స పూర్తయిన తరువాత

జబ్బు ఒకసారి వచ్చిన నోట్లో సూక్ష్మజీవులు కొద్ది నెలల్లోనే తిరిగి చేరుకుంటాయి కాబట్టి, మొదటి ఏడాది మూడు నెలలకు ఒకసారి వెళ్లి కొలిపించుకుని, అవసరమైన చోట శుభ్రం చేయించుకోవాలి. చికిత్సలో ఈ భాగానికే జనం ఎక్కువగా ఎగనామం పెడతారు. బ్రష్ కుచ్చు విచ్చుకున్నా, మూడు నెలలు దాటినా మార్చాలి. అపాయింట్‌మెంట్ రోజునే కొత్త బ్రష్ తీయడం అమ్మకు అలవాటు చేశాము. బల్ల మీద ఆమెకు రెండు రంగుల ఇంటర్‌డెంటల్ బ్రష్‌లు ఉన్నాయి, పసుపుది వెనక సందులకు, ఎర్రది ముందు సందులకు. వేళ్లు వణుకుతాయి కాబట్టి వాటి పిడులకు దారం చుట్టి లావు చేసి ఇచ్చాను.

కదులుతున్న రెండు పళ్లలో ఒకటి తీసివేశారు. రెండోదాన్ని పక్క పళ్లతో తీగ కట్టి నిలబెట్టారు. ఆరు అన్న చోటు ఇప్పుడు నాలుగు, ఐదు అన్న చోటు మూడు. ఏడు మాత్రం ఆరు దగ్గరే ఆగింది. ఆ ఒక్క చోటికి వచ్చే నెలలో ఫ్లాప్ చేస్తామన్నారు. మొన్న హెచ్‌బీఏ1సీ 8.4 నుండి 7.6కు వచ్చింది, అందులో మాత్ర మార్చిన ఫలితం ఎంతో, చిగుళ్లు కుదుటపడిన ఫలితం ఎంతో విడదీసి చెప్పలేమన్నారు డాక్టరుగారు. అమ్మ ఇప్పుడు జామకాయను ముక్కలుగా కోయించుకుని, దవడ పళ్లతో నమిలి తింటోంది.